ఐసు ఫ్యాక్టరీ ఆగిన మూడో రోజు

"తినమని నువ్వు చెప్పు."

"నువ్వే చెప్పు నాన్నా. ఇన్నేళ్ళూ చెప్పింది నువ్వేగా."

"చెప్పాన్రా. రెండుసార్లు చెప్పాను. కంచం వైపు చూస్తుంది, నా వైపు చూస్తుంది. అంతే."

మావగారూ మా ఆయనా వంటింటి గుమ్మంలో నిలబడి గుసగుసగా పోట్లాడుకుంటున్నారు. గొంతు పెంచకుండా పోట్లాడటం ఎలాగో ఈ మూడు రోజుల్లో మా ఇంట్లో అందరం నేర్చుకున్నాం. ముందుగదే మా కోల్డ్ స్టోరేజి ఆఫీసు. అందులో ఆడిటరు కూచుని ఉన్నాడు. మధ్యలో ఉన్నది ఒక్క చెక్క తలుపు, దానికి పట్టని గడియ.

"నిన్న రాత్రి తిన్నదిగా?" అన్నాడు మా ఆయన.

"తిన్నది. ఎవరు చెబితే తిన్నదో నాకు తెలీదు."

నేను స్టవ్ దగ్గర కాఫీ కలుపుతున్నాను. గిన్నె మీద నుంచి కళ్ళు ఎత్తలేదు. నిన్న రాత్రి మావగారి చెల్లెలు చిట్టత్త గది ముందు నుంచి వెళ్తూ "తినండి అత్తయ్యా, చల్లారిపోతోంది" అన్నది నేనే. అందులో చెప్పుకోవలసింది ఏముందని ఊరుకున్నాను.

ఇంట్లో చప్పుడు లేదు. కాస్త తక్కువ కాదు, అసలు లేదు. ఐసు ఫ్యాక్టరీ మా వీధి చివర. దాని కంప్రెసర్ల రొద ముప్ఫై ఏళ్ళుగా మా గోడల్లో కాపురముంది. అల్మారాలో గాజు గ్లాసులు ఒకదానికొకటి ఆనుకుని సన్నగా మోగుతూ ఉండేవి. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఆ మోతకి నాకు నిద్రపట్టేది కాదు. ఇప్పుడది లేక ఎవరికీ పట్టడం లేదు. పొద్దున్నే మావగారు ఆ గ్లాసులను రెండంగుళాలు దూరం జరిపి, మళ్ళీ దగ్గరికి జరిపి, అలాగే చూస్తూ నిలబడటం చూశాను.

"నీ పనేనా?" అన్నారాయన ఉన్నట్టుండి కొడుకుతో.

"ఏది?"

"దాని చేత మిషన్లు ఆపమని కాగితం రాయించింది. స్థలం అమ్ముకుందాం అమ్ముకుందాం అని యేడాదిగా నా ప్రాణం తీస్తున్నది నువ్వు కాదూ? మిషను ఆగితే ఫ్యాక్టరీ పోతుంది, ఫ్యాక్టరీ పోతే స్థలం మిగులుతుంది."

"అంత తెలివే ఉంటే నీ కింద ఎందుకు పని చేస్తాను నాన్నా?" మా ఆయన నవ్వబోయి మానుకున్నాడు. "నీ పనే అనుకుంటున్నా నేను. ముందుగదిలో ఉన్న పెన్సిలుకి చూపించడానికి. చూడండి, మా చెల్లెలు ఎంత సొంతంగా నడుపుకుంటోందో అని."

"మూడు రోజుల ఐసు కరగబెట్టి చూపిస్తానా? నాకేమన్నా పిచ్చా?"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారని ఇద్దరికీ అర్థమైంది. అప్పుడు వాళ్ళ మొహాల్లో కోపం పోయి ఇంకోటి వచ్చింది. చీకటి గదిలో మనకి తగిలింది కుర్చీ కాదని తెలిసినప్పటి మొహం.

చెప్పింది ఎవరన్నదే ఆ ఇద్దరి ప్రశ్న. చిట్టత్తకి తనంతట తనకే తోచి ఉండొచ్చునన్న మాట వాళ్ళ ఊహకి కూడా అందలేదు.

నాకు అందింది. అందుకే మూడు రోజులుగా, ఇల్లంతా బిక్కచచ్చి ఉంటే, నా లోపల మాత్రం ఎవరికీ చూపించని సంతోషం ఒకటి నడుస్తోంది.

* * *

మా ఇంటి గేటు దగ్గర ఐసు ఫ్యాక్టరీ ఆపరేటరు నిలబడి ఉన్నాడు. చంకలో ఫైలు. మావగారు చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళారు. నేను వెనకే వెళ్ళాను.

"కాగితం ఇప్పించండి అయ్యగారూ. అర నిమిషంలో వేసేస్తా."

"నేను చెప్తున్నా కదరా!"

"మీరు నోటితో చెబితే వినొద్దని చెప్పింది కూడా మీరే కదండీ." ఆపరేటరు మొహంలో ఎగతాళి లేదు. "నేనే వచ్చి కాళ్ళు పట్టుకున్నా సరే, చిట్టి రాసిన కాగితం లేకుండా స్విచ్చి ముట్టుకోవద్దు అన్నారు. ముప్ఫై ఏళ్ళవి ఉన్నాయి ఈ ఫైల్లో. జీతాలు, రేట్లు, అమ్మోనియా కొన్నది, పనిలోంచి తీసేసింది, అన్నీ. అన్నీ అమ్మగారి దస్తూరీయే."

అది మా మావగారు కనిపెట్టిన పద్ధతి. ఫ్యాక్టరీ చిట్టత్త పేరున ఉంది, పూర్తిగా. అందులో మా కోల్డ్ స్టోరేజికి వీసం వాటా లేదు. రోజూ పొద్దున ఏడింటికి మావగారు రెండు కాఫీలు పట్టుకుని చెల్లెలి గదిలోకి వెళ్తారు. ఆయన చెబుతారు, ఆవిడ రాస్తుంది. సంతకం పెడుతుంది. సోమవారం సోమవారం కాగితాలు ఫ్యాక్టరీకి పోతాయి. ఎవరు అడిగినా చూపించడానికి ప్రతి నిర్ణయమూ యజమానురాలి చేతిరాతలో ఉంటుంది. ఆ గదిలో కాఫీ తాగిన రెండో మనిషి ఏ కాగితంలోనూ ఉండడు.

సోమవారం కాగితం కూడా ఆ ఫైల్లోనే ఉంది. గుండ్రటి అక్షరాలు, కొట్టివేతలు లేవు. "నేటి నుంచి మిషన్లు ఆపవలెను. మరల తెలియజేయు వరకు వేయరాదు." సంతకం.

"లోపలెలా ఉందిరా?" అన్నారు మావగారు గొంతు తగ్గించి.

"ఉప్పునీళ్ళ తొట్టి వెచ్చబడిపోయింది. డబ్బాల్లో గడ్డలు సన్నబడ్డాయి. వదులై తేలుతున్నాయండి. డబ్బా గోడలకి తగులుతుంటే..." ఆపరేటరు ఆగాడు. "వందల డబ్బాలు కదండీ. లోపల్నుంచి ఎవరో తట్టినట్టుంటుంది. కుర్రాళ్ళు లోపలికి పోనంటున్నారు. నేనూ బయటే కుర్చీ వేసుకున్నా."

మావగారు వీధి చివర రేకుల కప్పు వైపు చూశారు. కూలింగ్ టవరు మీద ఎప్పుడూ ఉండే ఆవిరి లేదు. ఆకాశం అక్కడ కాస్త ఎక్కువ శుభ్రంగా కనిపించింది.

* * *

ఆడిటరుని మేం పెన్సిలు అంటాం. చివరి రోజుదాకా పెన్సిల్తోనే రాస్తాడు. చివరి రోజు జేబులోంచి పెన్ను తీస్తాడు. ఇవాళ పెన్ను తీసే రోజు.

కాఫీ బల్ల మీద పెట్టాను. కంపెనీ లెక్కలు చూసేది నేను కనుక, నా సంతకం కోసం ఒక కాగితం అప్పటికే అక్కడ ఉంది.

"కూచోండి మేడమ్. ఐసు ఫ్యాక్టరీలో మీకు ఒక్క ఓటు లేదు. ఒప్పుకున్నాను. కానీ నేను ఓట్లు లెక్కపెట్టడానికి రాలేదు."

"తెలుసు సార్."

"తెలిస్తే మీరే చెప్పండి, నేనేం అడుగుతానో."

బడిపిల్లలా అప్పజెప్పాను. "అక్కడ ముఖ్యమైన పనులు ఎవరి మాట మీద జరుగుతాయి? లాభం వచ్చినా నష్టం వచ్చినా చివరికి ఎవరికి తగులుతుంది? ఆ మాట చెప్పేవాళ్ళు ఆ తగిలేదాన్ని మార్చగలరా?"

"మూడింటికీ జవాబు మీరే అయితే?"

"పేరు ఎవరిదైనా ఫ్యాక్టరీ మాదే. రెండు లెక్కలూ కలిపి ఒకటిగా చూపించాలి. దాని అప్పుతో సహా."

అప్పుతో సహా అన్నప్పుడు తలుపు అవతల మావగారి ఊపిరి వినిపించినట్టయింది. ఆ అప్పు మా లెక్కల్లోకి వచ్చిన రోజు మాకు అప్పిచ్చిన బ్యాంకు పెట్టిన షరతు తప్పుతుంది. కోల్డ్ స్టోరేజికి తాళం పడుతుంది. ఈ ఇల్లు కూడా అదే తాకట్టులో ఉంది. కలపకుండా దాచి నేను సంతకం పెడితే, దొరికిన రోజు నా సీఏ పట్టా పోతుంది. ఆ పట్టా కోసం పదకొండేళ్ళు చదివాను. ఈ ఇంట్లో నాకంటూ ఉన్నది అదొక్కటే.

"అప్పుకి హామీ మీ కంపెనీది. కాబట్టి నష్టం తగిలేది మీకే. రెండో ప్రశ్న అయిపోయింది," అన్నాడు పెన్సిలు. "మూడోది మొదటిదాని మీద ఆధారపడుతుంది. మిగిలింది మొదటిది. నిజం చెప్పనా? ఇక్కడికొచ్చేటప్పుడు నా అనుమానం మీ మావగారి మీదే. ఆ చేతిరాత కాగితాలు మరీ చక్కగా ఉన్నాయి. ముప్ఫై ఏళ్ళలో ఒక్క కొట్టివేత లేదంటే అది రాసేవాళ్ళు ఆలోచించడం లేదని అర్థం."

కాగితాల కట్ట పక్కకి జరిపాడు.

"కానీ సోమవారం ఆవిడ ఫ్యాక్టరీ ఆపేశారు. మీ మావగారు మూడు రోజులుగా గిలగిల్లాడుతున్నారు, నాకు కనిపించడం లేదనుకుంటున్నారు పాపం. ఆయనకి ఇష్టం లేకుండా ఆవిడ ఆపగలిగారు. ఆయన మళ్ళీ వేయించలేకపోతున్నారు. ఇంతకంటే రుజువేం కావాలి? మాట ఆవిడది. లెక్కలు కలపక్కర్లేదు." కాగితం నా వైపు జరిపాడు. "చదివి పెట్టండి. 'సదరు ఫ్యాక్టరీ నిర్ణయాలు యజమానురాలు స్వతంత్రంగా తీసుకొనుచున్నారు. మా కంపెనీ గాని, మా తరపు మనుషులు గాని ఆదేశించుట లేదు.' అంతే."

పెన్ను అందుకున్నాను. నిజంగా అందుకున్నాను. ఇంత తేలిగ్గా, ఇంత నిజాయితీగా ఇల్లూ పట్టా రెండూ మిగులుతాయని అనుకోలేదు.

"ఒక్క నిమిషం," అన్నాను. "ఆవిడ తినలేదు పొద్దుట్నుంచి. పెట్టి వస్తాను."

ఎందుకు లేచానో అప్పుడు నాకు తెలియదు. కృతజ్ఞత అనుకున్నాను.

* * *

చిట్టత్త గదిలో ఏదీ ఎక్కువ లేదు. మంచం, బల్ల, గీతల కాగితాల కట్ట, కలం. కిటికీ సగం తెరిచి ఉంది. సగం తెరవమని ఎప్పుడో ఎవరో చెప్పి ఉంటారు.

ఆవిడ మంచం మీద వీపు ఆనించకుండా కూచుని ఉంది. అరవై ఒక్కేళ్ళు. ఇంట్లో ఆవిడని చిట్టి అని పిలిచే మనిషి ఇంకా ఉన్నాడు కనుక ఆవిడ ఎదగలేదేమో అనిపించేది నాకు. ముందు కంచం, తాకని కంచం.

"తినండి అత్తయ్యా."

చెయ్యి కదిలింది. ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. ఇంకోటి. ఆకలిగా తింటోంది, కానీ ఆ ఆకలి ఇప్పుడే, నా మాటతోనే పుట్టినట్టు ఉంది. మూడు, నాలుగు. సంతోషంగా చూస్తున్నాను.

"చాలా అత్తయ్యా? ఇంకాస్త తేనా?"

మొదటి మాట దగ్గరే చెయ్యి ఆగిపోయింది. ముద్ద నోటికీ కంచానికీ మధ్య నిలబడింది. ఆవిడ నన్ను చూస్తోంది, ఓపికగా.

"తినండి, తినండి," అన్నాను తొందరగా.

కంచం ఖాళీ అయ్యేదాకా నేను మాట్లాడలేదు. తరవాత మంచం పక్కన నేల మీద కూచున్నాను.

"అత్తయ్యా, నాకొక్కదానికే చెప్పండి. మిషను ఆపాలని మీకే అనిపించింది కదూ?"

"అనిపించడమేమిటి తల్లీ?"

"అంటే... మీ అంతట మీరే ఆపించారు కదా. ఎవరూ చెప్పకుండా."

చిట్టత్త నా మొహంలోకి చూసింది. ఆ చూపులో కాస్త కంగారు. నేనేదో పరీక్ష పెడుతున్నానని, సరైన జవాబు తనకి తట్టడం లేదని.

"నువ్వేగా," అంది.

"నేనా?"

"పోయిన గురువారం పుస్తకం పట్టుకొచ్చి ఇక్కడే కూచున్నావు. మీ అన్నయ్యకి చెప్పకుండా ఫ్యాక్టరీ ఆపాలంటే ఆపగలరా అత్తయ్యా అన్నావు. ఆపగలను అన్నాను. నిజంగానా అన్నావు. నిజంగానే అన్నాను. నువ్వు పుస్తకంలో టిక్కు పెట్టుకున్నావు." ఆవిడ గొంతు తగ్గించింది. "రాసుకున్నావు కదా, మరి ఆపకపోతే అది అబద్ధమయిపోదూ? నీకు మాట వస్తుంది. సోమవారం కాగితం పంపే రోజు. రాసి పంపేశాను."

అది నా పని. లెక్కలు కలపాలా వద్దా అని తేల్చడానికి ముందు సంబంధించిన మనుషులని అడగాలి, జవాబు రాసుకోవాలి. పోయిన గురువారం అలాగే అడిగాను, వానొస్తుందా అని అడిగినట్టు. ఆవిడకి ముప్ఫై ఏళ్ళుగా ఎవరూ ప్రశ్న వెయ్యలేదు. చెప్పేవాళ్ళే తప్ప అడిగేవాళ్ళు లేరు. అడగడం ఎలా ఉంటుందో ఆవిడకి గుర్తులేదు. గొంతు చివర కాస్త పైకి లేచిన ఇంకొక ఆజ్ఞలా వినిపించి ఉంటుంది.

నా సంతోషం ఎక్కడికి పోయిందో వెతుక్కున్నాను. అది ఉన్నచోట ఖాళీ మాత్రం ఉంది.

"మరి మావయ్యగారు వెయ్యమంటే ఎందుకు రాయలేదు?"

"ఆపించినవాళ్ళే వేయించాలి." ఈ మాట మాత్రం ఆవిడ వెంటనే, గట్టిగా అంది. "మా ఆయన పోయింది అందుకే కదా."

ఆ కథ ఈ ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ చెప్పుకోరు. ఫ్యాక్టరీ కట్టినవాడు చిట్టత్త భర్త. మంచి మెకానిక్కు. బెల్టు మార్చడానికి మిషను ఆపి, చెయ్యి లోపల పెట్టి ఉండగా ఎవరో స్విచ్చి వేశారు. ఆ ఎవరో ఎవరన్నది ఏ నోటా రాలేదు. అప్పటి నుంచి అక్కడ మిషను ఆపినవాడు తన పేరున్న రేకుబిళ్ళ స్విచ్చికి తగిలిస్తాడు. ఆ బిళ్ళ వాడే తియ్యాలి. వాడు జ్వరంతో పడుకుంటే ఇంటికెళ్ళి మోసుకొస్తారు గాని ఇంకొకరు ముట్టుకోరు.

ఇప్పుడు ఆ స్విచ్చికి వేలాడుతున్న బిళ్ళ నాదన్నమాట.

"వెయ్యమంటావా?" అంది చిట్టత్త. కలం అప్పటికే చేతిలో ఉంది.

"వద్దు!" అని, అదీ ఆజ్ఞే అని తెలిసి, "వద్దని కాదు... వెయ్యమనీ కాదు. నేనేమీ చెప్పను అత్తయ్యా. మీకెలా అనిపిస్తే అలా చెయ్యండి."

"ఎలా?"

"మీ ఇష్టం."

"ఇష్టమంటే ఎటు తల్లీ?"

నాకు ఏడుపొచ్చింది. "ఎటైనా. ఈ గదిలో కూచోవాలని ఏముంది? తలుపు తీసే ఉంది. ఎటు పోవాలనిపిస్తే అటు పొండి. ఎవర్నీ అడక్కండి. నన్నసలే అడక్కండి."

చిట్టత్త తల ఊపింది. అర్థమైనట్టు కాదు, రాసుకున్నట్టు.

* * *

మావగారు నడవలో కాచుకుని ఉన్నారు.

"ఏమంది?"

చెప్పాను. దాచలేదు. కోప్పడతారనుకున్నాను. ఆయన గోడకి ఆనుకుని నన్ను చూశారు. మొహంలో బిగువు కొద్దికొద్దిగా వదులయింది.

"అయితే నీ మాట వింటోందన్నమాట."

"నేను మాట చెప్పలేదు మావయ్యగారూ. అడిగానంతే."

"నేనూ మొదట్లో అడిగేవాణ్ణే అమ్మాయ్." ఆయన నవ్వారు. అలసిపోయిన, దాదాపు ప్రేమగా ఉన్న నవ్వు. "ఏం చేద్దాం చిట్టీ అని అడిగేవాణ్ణి. కూచుని నన్నే చూసేది. కొన్నాళ్ళకి అడగడం దండగనిపించింది. నువ్వనుకుంటావు, నేను ఆ పిల్లని కట్టేశానని. ఒక్కోసారి నాకనిపిస్తుంది, అదే నన్ను ఆ కుర్చీలో కూచోబెట్టిందేమోనని. ఏడయ్యేసరికి కాళ్ళు వాటంతటవే పోతాయి ఆ గదికి. ఒంట్లో బాగాలేకపోయినా పోతాయి."

"ఆడిటరుకి చెప్పాలి."

"ఏం చెబుతావు? నేనే ఆపించానని చెబుతావా? నువ్వు మా కంపెనీ మనిషివి. నువ్వు చెప్పినా మేం చెప్పినట్టే. ఇల్లు పోతుంది. సంతకం పెట్టెయ్యి. పెన్సిలు బస్సెక్కాక లోపలికెళ్ళి వెయ్యమను. ఒక్క మాట." ఆయన ఇంకా దగ్గరికి వచ్చారు. "రేపట్నుంచి ఆ కాఫీ నువ్వే పట్టుకెళ్ళు. నాకు డెబ్భై దాటాయి. నాకూ విశ్రాంతి కావాలి."

అసహ్యం వెయ్యాలి. వేసింది కూడా. కానీ దాని అడుగున, రేపు ఏడింటికి నేను ఏం చెప్పాలో నా బుర్ర అప్పుడే వరసగా పేర్చుకుంటోంది. పాత కంప్రెసరు మార్పించాలి. ఆపరేటరుకి జీతం పెంచాలి. అన్నీ మంచి నిర్ణయాలే. అన్నీ నావే. నాలో ఆ మాటలు పేర్చుకుంటున్నది ఎవరో నాకు అంత బాగా తెలియదని మొదటిసారి గమనించాను.

"సంతకం పెట్టను మావయ్యగారూ," అన్నాను, ఆ పేర్చుకోవడం ఆపడానికి.

* * *

ముందుగదిలోకి వెళ్ళేసరికి పెన్సిలు కాఫీ తాగేసి, పెన్ను మూత తీసి ఉంచాడు. మావగారు నా వెనకే వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డారు. మా ఆయన గుమ్మంలో.

"తిన్నారా ఆవిడ?" అన్నాడు పెన్సిలు మర్యాదకి.

"తిన్నారు సార్. ఆ కాగితంలో ఒక మాట..."

అప్పుడు నడవలో చెప్పుల చప్పుడయింది.

చిట్టత్త మా మధ్య నుంచి నడిచి వచ్చింది. చేతిలో ఏమీ లేదు. ఎవరి వైపూ చూడలేదు. ఆఫీసు గది దాటింది, మెట్లు దిగింది. గేటు గడియ ఎటు తిప్పాలో తెలియక రెండుసార్లు తిప్పి తీసింది. ఎన్నేళ్ళయిందో ఆవిడ ఆ గేటు దాటి.

"ఎక్కడికి అత్తా?" అన్నాడు మా ఆయన, చాలా మెల్లగా, ఎవరికీ వినపడకుండా.

మావగారి నోరు తెరుచుకుంది. చిట్టీ అనే పిలుపు ఆయన గొంతులో కదలడం నాకు కనిపించింది. ఆయన కళ్ళు మాత్రం ఆడిటరు మీద ఉన్నాయి. పిలిచి, ఆవిడ ఆగిందా, ముప్ఫై ఏళ్ళ ఫైలు ఆ ఒక్క క్షణంలో అబద్ధమైపోతుంది. నోరు తెరిచే ఉంది. మాట రాలేదు.

మావగారు పిలవబోయి మానుకున్నారని పెన్సిలుకి అర్థమైంది. కుర్చీ కిటికీ వైపు తిప్పుకున్నాడు. ఎవరూ ఏమీ అనడం లేదన్నది కూడా అతనికి ఒక జవాబే.

గేటు అవతల రోడ్డు. చిట్టత్త కుడికి తిరిగితే ఐసు ఫ్యాక్టరీ, ఎడమకి తిరిగితే బస్టాండు. ఆవిడ ఎటూ తిరగలేదు. నేరుగా నడిచింది. అటు పక్క వీధే లేదు, ఎత్తయిన గోడ ఉంది. ఎటైనా అన్నాను నేను. ఆవిడ ఎటైనా పోతోంది.

మలుపు అవతల నుంచి లోడు లారీ గేరు మార్చిన చప్పుడు వినపడింది. ఇన్నాళ్ళూ ఫ్యాక్టరీ రొదలో ఆ మలుపు దగ్గర ఏ చప్పుడూ వినిపించేది కాదు.

"ఆగండి!"

ఎవరో గట్టిగా అరిచారు. అందరూ నా వైపు తిరిగాక గాని ఆ గొంతు నాదని నాకు తెలియలేదు.

చిట్టత్త ఆగింది. వెనక్కి తిరగలేదు, అటూ ఇటూ చూడలేదు. రోడ్డుకి సరిగ్గా నడిమధ్య రెండు కాళ్ళూ జత చేసి నిలబడింది, చెప్పిన పని పూర్తి చేసినట్టు.

పెన్సిలు నా ముందు నుంచి కాగితం తనవైపు లాక్కున్నాడు.

"ఆవిడ ఎవరి మాటకి ఆగారు మేడమ్?" అన్నాడు.

లారీ మలుపు తిరిగింది. డ్రైవరు హారను నొక్కి పట్టుకున్నాడు. చిట్టత్త కదల్లేదు. ఇంకొక మాట పడేదాకా కదలదు. ఆ మాట ఎవరూ అనకూడదని మావగారు నా మణికట్టు పట్టుకున్నారు.

నేను ఆ మాట అనడానికి గుండెల నిండా ఊపిరి తీసుకున్నాను.